బ్రెత్ టెస్ట్ పాజిటివ్, పాలు బంద్, విరేచనాలు మాత్రం ఆగలేదు: ఒక కేస్ స్టడీ

ఈ పేషెంట్ నా దగ్గరికి విరేచనాల గురించి రాలేదు. "పాలూ పెరుగూ లేకుండా కాల్షియం వచ్చేలా చార్ట్ ఒకటి రాసివ్వమ్మా" అని అడగడానికి వచ్చారు. వయసు 51. తెనాలి వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచరు. శాకాహారి, గుడ్డు కూడా తినరు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. ఎముకల సాంద్రత తగ్గడం మొదలైందని డెక్సా స్కాన్‌లో తేలింది. ఇంకోపక్క లాక్టోజ్ ఇన్‌టాలరెన్స్ (పాలలోని చక్కెర పడకపోవడం) ఉందని బ్రెత్ టెస్ట్‌లో, అంటే ఊదిన గాలిని కొలిచే పరీక్షలో తేలింది కాబట్టి పాలు, పాల పదార్థాలు పూర్తిగా మానేయమని వేరే ఊళ్లో చెప్పి పంపారు. ఎముకలకేమో పాలు తాగమంటారు, పొట్టకేమో వద్దంటారు. మధ్యలో నేనేదైనా దారి చూపిస్తానేమోనని విజయవాడ బస్సెక్కారు.

నేను క్లినికల్ డైటీషియన్‌ని. గ్యాస్ట్రో, డయాబెటిస్ ఓపీల నుంచి నాకు ఇలాంటివాళ్లు తరచూ వస్తుంటారు. ఈ కేసు రాయడానికి టీచర్ గారు ఒప్పుకున్నారు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

చార్ట్ రాసే ముందు

డైట్ చార్ట్ రాయడానికి పది నిమిషాలు చాలు. రాగులు, నువ్వులు, తోటకూర, మునగాకు, సోయా పాలు అని రాసిచ్చి పంపేయొచ్చు. కానీ ఆవిడ మాటల మధ్యలో అన్న ఒక సంగతి దగ్గర ఆగాల్సి వచ్చింది: "మూడు నెలలైందమ్మా పాలచుక్క ముట్టి. గ్యాస్ తగ్గింది కానీ పొద్దున్నే పరుగులు తప్పడం లేదు. స్కూల్లో ప్రేయర్ బెల్ కొట్టేలోపు రెండుసార్లు వెళ్లాలి."

పాలు పడనివాళ్లు పాలు మానేస్తే రెండు మూడు రోజుల్లో, మహా అయితే వారంలో తేడా తెలియాలి. లాక్టోజ్ వల్ల వచ్చే విరేచనం ఆ లాక్టోజ్ పొట్టలో ఉన్నంతసేపే ఉంటుంది. మూడు నెలలు మానేసినా రోజుకు మూడు నాలుగు సార్లు నీళ్లలా అవుతోందంటే, తెలియకుండా పాలు ఎక్కడినుంచైనా లోపలికి వెళ్తూ ఉండాలి, లేదా కారణం పాలు కాకపోవాలి.

మొదటిది తేల్చడానికి రోజంతా ఏం తింటున్నారో అడిగాను. ఆవిడ పట్టుదల చూస్తే ముచ్చటేసింది, బాధా వేసింది. పాలు, కాఫీ, పెరుగు, మజ్జిగ అన్నీ బంద్. ఆవకాయ అన్నంలో నెయ్యి కూడా మానేశారు. ఏదో వీడియోలో చూసి బ్రెడ్డు, బిస్కెట్లు ఆపేశారు. మాత్రల్లో కూడా లాక్టోజ్ కలుపుతారని మందుల షాపులో ఎవరో చెబితే థైరాయిడ్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. రెండు పూటలా పెరుగన్నంతో భోజనం ముగించిన మనిషి చారన్నంతో లేచిపోతున్నారు. "కడుపు నిండినట్టే ఉండదమ్మా" అన్నారు. ఎనిమిది నెలల్లో నాలుగు కిలోలు తగ్గారు.

ఇక్కడ కొన్ని లెక్కలు చెప్పాలి. ఆవు పాలైనా గేదె పాలైనా 100 మి.లీ.లో లాక్టోజ్ సుమారు 5 గ్రాములు ఉంటుంది. 250 మి.లీ. గ్లాసంటే దగ్గర దగ్గర 12 గ్రాములు. నెయ్యి కాచేటప్పుడు నీటి భాగం ఎగిరిపోయి, మిగతాది గసిలో ఉండిపోతుంది. చెంచా నేతిలో మిగిలే లాక్టోజ్ దాదాపు సున్నా. లాక్టోజ్ కలిపిన మాత్రలో అది ఉండేది మిల్లీగ్రాముల్లో. చాలా మాత్రల మొత్తం బరువే అర గ్రాము దాటదు. గ్లాసు పాలలోని 12,000 మిల్లీగ్రాముల ముందు అదేపాటి? దానికి భయపడి థైరాయిడ్ మాత్ర ఎగ్గొట్టడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. నెయ్యి, ఆ మాత్ర రెండూ ఆ రోజు నుంచే మామూలుగా మొదలుపెట్టమన్నాను. నెయ్యి మాట వినగానే ఆవిడ ముఖంలో వచ్చిన వెలుగు చార్ట్‌లో రాయడానికి వీలయ్యేది కాదు.

లాక్టేజ్ అంటే ఏమిటి, ఎవరికి తక్కువ

పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు అతుక్కుని ఉంటే అది లాక్టోజ్. ఆ రెండూ అతుక్కుని ఉన్నంతసేపు పేగు గోడ దాటి రక్తంలోకి రాలేవు. విడదీసే ఎంజైమే లాక్టేజ్. చిన్నపేగు లోపలి గోడ మీద ఉండే సన్నటి మొలకల అంచున, ముఖ్యంగా పేగు మొదటి సగంలో ఇది ఉంటుంది. ఇది తక్కువైతే లాక్టోజ్ విడిపోకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది. మామిడి ముక్కలకి ఉప్పు పట్టిస్తే నీరు ఊరినట్టు, ఆ చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ తయారుచేస్తుంది. కడుపు ఉబ్బరం, గుడగుడ, గ్యాస్, విరేచనం అన్నీ అక్కడినుంచి వచ్చేవే. తయారైన హైడ్రోజన్‌లో కొంత రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా బయటికొస్తుంది. బ్రెత్ టెస్ట్ కొలిచేది దాన్నే.

పసిపిల్లలందరికీ లాక్టేజ్ దండిగా ఉంటుంది. తల్లిపాలలో లాక్టోజ్ ఆవు పాలకన్నా ఎక్కువ, 100 మి.లీ.కి సుమారు 7 గ్రాములు. పాలు మరిచే వయసు దాటాక ప్రపంచంలో ఎక్కువమందిలో ఈ ఎంజైమ్ క్రమంగా తగ్గిపోతుంది. ఇది జబ్బు కాదు. క్షీరదాలన్నిటికీ మామూలే. పెద్దయ్యాక కూడా తగ్గకుండా ఉండేవాళ్లే ప్రత్యేకం. వాళ్లలో రెండో క్రోమోజోమ్ మీద, లాక్టేజ్ జన్యువుకి కాస్త పైన, పక్క జన్యువులో చిన్న మార్పు ఉంటుంది. 2002లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. యూరప్‌లో కనిపించే ఆ మార్పే మన దేశంలోనూ ఉంది. అయితే వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తక్కువ.

1981లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో లాక్టోజ్ పడనివాళ్లు ఉత్తరాదిలో సుమారు 27 శాతం, దక్షిణాదిలో సుమారు 66 శాతం ఉన్నట్టు తేలింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1970ల మొదట్లోనే ఈ విషయం మీద పనిచేసింది. అంటే మన ఓపీ బయట కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లలో సగానికి పైగా మందికి ఈ టెస్ట్ చేస్తే పాజిటివ్ వచ్చే అవకాశం ఉంది, వాళ్లు మోకాలి నొప్పికి వచ్చినా సరే. ఈ కేసంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

రిపోర్టు మళ్లీ చదివితే

బ్రెత్ టెస్ట్ సరిగానే చేశారు. ముందు రాత్రి పీచు తక్కువున్న భోజనం, తర్వాత ఉపవాసం, అంతకుముందు నెలలో యాంటీబయాటిక్స్ లేవు. 25 గ్రాముల లాక్టోజ్ నీళ్లలో కలిపి తాగించి మూడు గంటలపాటు అరగంటకోసారి గాలి ఊదించారు. మొదట 6 పీపీఎం (పది లక్షల భాగాల్లో 6) ఉన్న హైడ్రోజన్ గంట దాకా పెద్దగా కదల్లేదు. రెండు గంటలకి 58కి చేరింది. మొదటి విలువ మీద 20 పెరిగితే పాజిటివ్. కాబట్టి పాజిటివ్, అందులో సందేహం లేదు. చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరిగి ఉంటే అంకె ముందే ఎగబాకేది. ఇక్కడ అలా జరగలేదు.

అయితే అదే కాగితం అడుగున లక్షణాల గడి ఒకటి ఉంటుంది. ఎవరూ దాన్ని చదవరు. అందులో టెక్నీషియన్ చేత్తో రాసింది ఇంతే: కొంచెం గుడగుడ, విరేచనం లేదు, నొప్పి లేదు. 25 గ్రాములంటే అర లీటరు పాలతో సమానం. అదీ ఖాళీ కడుపున, నీళ్లలో కలిపి, ఒక్కసారిగా. ఇంత తాగించినా విరేచనం కాని మనిషికి, పాలు మానేశాక రోజుకు నాలుగు విరేచనాలు అవుతున్నాయి.

లాక్టోజ్ అరగకపోవడం ఒకటి, దానివల్ల ఇబ్బంది పడటం ఇంకొకటి. టెస్ట్‌లో హైడ్రోజన్ అంకె మొదటిదాన్ని చూపిస్తుంది. రెండోది ఆ చివరి గడిలో ఉంటుంది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఈవిడ చిన్నప్పటినుంచీ పాడి ఉన్న ఇంట్లో పెరిగారు. పొద్దున కాఫీ, సాయంత్రం టీ, రెండు పూటలా పెరుగు. యాభై ఏళ్లు ఏ ఇబ్బందీ లేదు. పుట్టుకతో వచ్చిన జన్యువు ప్రకారం తగ్గాల్సిన లాక్టేజ్ ఎప్పుడో చిన్నతనంలోనే తగ్గి ఉంటుంది. 51వ ఏట ఒక సోమవారం పొద్దున హఠాత్తుగా తగ్గదు. పెద్దవయసులో కొత్తగా మొదలైందంటే పేగు గోడే దెబ్బతిని ఉండాలి, అంటే జియార్డియా (పేగులో చేరే పరాన్నజీవి), సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు), క్రోన్స్ (పేగు వాపు జబ్బు) లాంటివి. లేదా పాలు తీసుకునే మోతాదు మారి ఉండాలి. లేదా మూడోది ఏదో వచ్చి ఉండాలి. మొదటి దాన్ని గ్యాస్ట్రో డాక్టర్ గారు అప్పటికే చూసేశారు. మలపరీక్షలో పరాన్నజీవులు లేవు, సీలియాక్ యాంటీబాడీ నెగెటివ్, కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపుని చూపే పరీక్ష) మామూలుగా ఉంది, కొలనోస్కోపీ, బయాప్సీ రెండూ నార్మల్. ఈ వయసులో కొత్తగా విరేచనాలు మొదలై బరువు కూడా తగ్గుతుంటే కొలనోస్కోపీ చేయడం సరైనదే. అది చేయకుండా నా దగ్గరికి పంపి ఉంటే నేనే తిప్పి పంపేదాన్ని.

కవరు నిండా మందులు

రెండోసారి వచ్చేటప్పుడు పాత చీటీలు, మందుల స్ట్రిప్పులు, డబ్బాలు, పొడులు అన్నీ తెమ్మన్నాను. బట్టల షాపు కవరు నిండా తెచ్చారు. చీటీలన్నీ తేదీల ప్రకారం టేబుల్ మీద పరిచాం. టీచరు కాబట్టి ఒక్క కాగితం పోనివ్వలేదు, నా పని సులువైంది.

విరేచనాలు మొదలుకావడానికి వారం ముందు డయాబెటిస్ చెకప్ జరిగింది. హెచ్‌బీఏ1సీ 8.4 (గత మూడు నెలల సగటు షుగర్‌ని చూపే అంకె). మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర పూటకు 500 మి.గ్రా. చొప్పున రెండు పూటలు ఉన్నదాన్ని పూటకు 1000కి పెంచారు. మామూలు రకమే, నెమ్మదిగా విడుదలయ్యేది కాదు. అదే చీటీ కింద రెండో వరుసలో: రాత్రి పడుకునే ముందు గ్లాసు పాలు, అందులో షుగర్ ఉన్నవాళ్ల ప్రోటీన్ పౌడర్ రెండు చెంచాలు. డెక్సా రిపోర్టు చూసి రాసింది.

ఒకే రోజు రెండు మార్పులు. ఒకటి ఉదయాన్ని పాడుచేసింది, ఇంకొకటి రాత్రిని. ఆవిడకి రెండూ కలిసి ఒకే జబ్బులా కనిపించాయి.

పొడి డబ్బా మీద దినుసుల పట్టికలో మొదటి పేరే వెన్న తీసిన పాలపొడి. ఆ పాలపొడి బరువులో సగం లాక్టోజే ఉంటుంది. గ్లాసు పాలు, ఆపైన ఈ పొడి కలిపితే 15 గ్రాములు దాటుతుంది. అదీ భోజనమైన రెండు గంటలకి విడిగా. లాక్టేజ్ తక్కువున్నవాళ్లలో చాలామంది ఒక విడతకి 12 గ్రాముల దాకా పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు, తిండితో కలిపితే ఇంకాస్త ఎక్కువే. యాభై ఏళ్లపాటు ఈవిడ ఆ గీతకి ఇవతలే ఉన్నారు. కాఫీలో పాలెన్ని, 60, 70 మి.లీ. అంతే కదా. ఆ చీటీ వచ్చాక ఒక్కసారిగా గీత దాటారు. రాత్రి ఉబ్బరం, గ్యాస్ అందుకే. పాలు మానగానే అవి తగ్గాయి, కాబట్టి "లాక్టోజే కారణం" అన్న నమ్మకం గట్టిపడిపోయింది. సగం నిజమైన డయాగ్నోసిస్‌తో వచ్చే చిక్కే ఇది. పూర్తిగా తప్పైతే త్వరగా బయటపడేది.

ఉదయం విరేచనాలు మెట్‌ఫార్మిన్‌వని నాకు గట్టి అనుమానం. డోసు పెంచినప్పుడు ఇలా కావడం బాగా తెలిసిన సంగతే. కానీ పేషెంట్లకి తోచదు. "ఆ మాత్ర ఆరేళ్లనుంచీ వేసుకుంటున్నానమ్మా, ఇప్పుడెందుకు చేస్తుంది?" అంటారు. ఈవిడా అదే అన్నారు.

కవరు అడుగున ఇంకోటి దొరికింది. షుగర్ ఫ్రీ పిప్పరమెంట్లు. క్లాసులో గొంతు ఆరిపోతుందని రోజూ ఏడెనిమిది చప్పరిస్తున్నారట. ప్యాకెట్ వెనక సన్నటి అక్షరాల్లో సార్బిటాల్, మాల్టిటాల్ అనే పాలియోల్స్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థాలు) పేర్లు, వాటి వల్ల విరేచనాలు కావచ్చన్న హెచ్చరిక. కళ్లజోడు తీసి దగ్గరగా పెట్టుకుని చదివి, "అయ్యో, ఇది మా పిల్లలకి కూడా పంచిపెడుతున్నానే" అన్నారు.

ఒక్కోసారి ఒక్కటే

మూడు అనుమానాలున్నప్పుడు మూడూ ఒకేసారి ఆపేస్తే పేషెంట్‌కి హాయిగా ఉంటుంది, కారణం మాత్రం ఎప్పటికీ తెలియదు. అందుకని వరుస పెట్టుకున్నాం. మందు మార్చే అధికారం నాకు లేదు. ఫిజీషియన్ గారికి తేదీలతో సహా లెటర్ రాశాను. కిడ్నీ పనితీరు బాగానే ఉంది కాబట్టి ఆయన మెట్‌ఫార్మిన్ ఆపకుండా, నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చి, రాత్రి భోజనంతో 500తో మొదలుపెట్టారు. షుగర్ పెరగకుండా సిటాగ్లిప్టిన్ జోడించారు. అకార్బోజ్ లాంటివి వద్దని నేను లెటర్‌లోనే మనవి చేసుకున్నాను. అవి పిండిపదార్థాన్ని అరగనీయకుండా కిందికి పంపుతాయి, మళ్లీ అదే గ్యాస్, అదే గందరగోళం.

ఈ దశలో తిండి ఏమీ మార్చవద్దన్నాను, పాలు లేకుండానే ఉండమన్నాను. పిప్పరమెంట్లు కూడా అలాగే ఉంచమంటే ఆవిడకి నవ్వొచ్చింది. హాజరుపట్టీలా గీతలు గీసిన నోటుబుక్కులో రోజూ ఎన్నిసార్లు వెళ్లారు, ఎలా అయింది, ఉబ్బరం పదికి ఎంత అని రాశారు.

మొదటి వారం సగటున రోజుకు మూడు. రెండో వారం చివరికి రెండు, అదీ మెత్తగా, నీళ్లలా కాదు. తర్వాత పిప్పరమెంట్లు మాన్పించాం. ఒకటికి వచ్చింది, గట్టిపడింది. అప్పటికి పాలకీ దీనికీ ఏ సంబంధమూ పెట్టుకోలేదని గుర్తుంచుకోవాలి. పాలు మూడు నెలలుగా లేవు, ఇప్పుడూ లేవు.

ఈలోగా బీ12 పరీక్ష రిపోర్టు వచ్చింది. 148, తక్కువ. అరికాళ్లలో చిమచిమలు ఉన్నాయని మొదటి రోజే అన్నారు, షుగర్ వల్ల అనుకుంటున్నారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 పేగులోంచి ఎక్కడం తగ్గుతుంది. గుడ్డు కూడా ముట్టని శాకాహారికి బీ12 వచ్చేది పాలు, పెరుగు నుంచే. ఆ దారి కూడా మూడు నెలలు మూసేశారు. బీ12 నిల్వలు లివర్‌లో చాలాకాలం ఉంటాయి కాబట్టి ఈ మూడు నెలల్లోనే ఇంత పడిపోలేదు, ముందునుంచే తగ్గుతూ వచ్చి ఉంటుంది. కానీ "పాల పదార్థాలు పూర్తిగా మానేయండి" అని ఒక శాకాహారికి చెప్పేముందు ఈ అంకె చూడాలి. ఇంజక్షన్లు మొదలుపెట్టారు.

పెరుగుతో మొదలు

విరేచనాలు కుదుటపడ్డాక అసలు పరీక్ష మొదలుపెట్టాం: ఈవిడకి లాక్టోజ్ ఎంతవరకు పడుతుంది?

మొదట మధ్యాహ్నం భోజనం చివర 100 గ్రాముల పెరుగు. ఇంట్లో రాత్రి తోడుపెట్టింది, బాగా తోడుకున్నది. తోడు వేసిన బ్యాక్టీరియా తన ఆహారం కోసం లాక్టోజ్‌లో కొంత తినేస్తుంది. మిగిలినదాన్ని విడగొట్టే ఎంజైమ్ ఆ బ్యాక్టీరియా కణాల్లోనే ఉండి, మన పేగులోకి వచ్చాక కూడా పనిచేస్తుంది. పైగా పెరుగు చిక్కదనం వల్ల, అన్నంతో కలవడం వల్ల పొట్టలోంచి నెమ్మదిగా కిందికి దిగుతుంది. ఉన్న కాస్త లాక్టేజ్‌కి పని చేసుకునే వ్యవధి దొరుకుతుంది. పాలు పడనివాళ్లలో ఎక్కువమందికి పెరుగు పడటానికి ఇవే కారణాలు. లాక్టోజ్ పడదని తేలగానే పెరుగు కూడా కొట్టేయడం, అదీ మన తెలుగు ఇళ్లలో, నా దృష్టిలో అనవసరమైన శిక్ష.

మూడు రోజులు మధ్యాహ్నం, తర్వాత రెండు పూటలా. నోటుబుక్కులో ఉబ్బరం గడి ఖాళీ. తర్వాత మజ్జిగ, తర్వాత కాఫీలో పాలు. అప్పుడు పాలే విడిగా, టిఫిన్‌తో 100, 150, 200 మి.లీ. చొప్పున. 200 దగ్గర కాస్త గుడగుడ, పదికి రెండు. రాత్రి విడిగా 250 తాగిన రోజు పదికి ఆరు, కానీ విరేచనం లేదు.

ఇది ఆవిడ భయం వల్ల కూడా కావచ్చు. "పాలు" అన్న మాటకే పొట్టలో అలజడి మొదలయ్యేవాళ్లు ఉంటారు. తేల్చుకోవడానికి వాళ్లాయన సాయం తీసుకున్నాం. రిటైరైన పోస్ట్‌మాస్టర్ ఆయన, కొలతల విషయంలో మహా ఖచ్చితం. లాక్టోజ్ లేని పాల ప్యాకెట్లు తెప్పించి, కొన్ని రాత్రులు అవి, కొన్ని రాత్రులు మామూలు పాలు, ఏది ఎప్పుడో తాను మాత్రమే చీటీ మీద రాసుకుని, ఒకే స్టీలు గ్లాసులో పోసిచ్చారు. మొదటి రాత్రే టీచర్ గారు కనిపెట్టేశారు: "ఇవి తియ్యగా ఉన్నాయండీ." నిజమే. లాక్టోజ్‌కి తీపి చాలా తక్కువ, మామూలు చక్కెరలో ఐదో వంతు ఉంటుందేమో. అది గ్లూకోజ్, గెలాక్టోజ్‌గా విడిపోతే తీపి పెరుగుతుంది. లాక్టోజ్ లేని పాలంటే చక్కెర తీసేసిన పాలు కాదు, బయటే లాక్టేజ్ కలిపి ముందుగా విడగొట్టిన పాలు. షుగర్ ఉన్నవాళ్లు ఇది గమనించాలి: పిండిపదార్థం లెక్క మామూలు పాలలో ఎంతో ఇందులోనూ అంతే.

తీపి తెలియకుండా ఉండాలని అన్ని గ్లాసుల్లోనూ చిక్కటి డికాషన్ పోయించాం. నిద్ర పాడవకుండా పరీక్షని సాయంత్రానికి జరిపాం. మామూలు పాలు ఇచ్చిన మూడుసార్లలో రెండుసార్లు ఉబ్బరం వచ్చింది. లాక్టోజ్ లేనివి ఇచ్చిన మూడుసార్లూ రాలేదు. ఇంత చిన్న పరీక్షతో లోకానికి ఏదీ రుజువు కాదు, కానీ ఈ ఒక్క మనిషికి ఏం చెప్పాలో నాకు తెలిసింది. ఆవిడకి లాక్టేజ్ నిజంగానే తక్కువ. గ్లాసు పాలు విడిగా తాగితే ఉబ్బుతుంది. అంతకు తక్కువైతే, తిండితో అయితే, పెరుగైతే ఏమీ కాదు. విరేచనాలు పాల వల్ల వచ్చినవి కావు.

చివరికి రాసిన చార్ట్

మెనోపాజ్ దాటిన స్త్రీకి మన దేశపు సిఫార్సు రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం. పెరుగు రెండు పూటలా కలిపి 300 గ్రాములు, కాఫీ, టీలలో పాలు, పొద్దున టిఫిన్‌తో 150 మి.లీ. పాలు. వీటితోనే సగం దాటుతుంది. వారంలో నాలుగు రోజులు రాగి దోసె లేదా రాగి సంకటి. రాగుల్లో 100 గ్రాములకి దాదాపు 350 మి.గ్రా. ఉంటుంది. నువ్వుల పొడి రోజూ అన్నంలో చెంచాడు. తోటకూర, మునగాకు వంతులవారీగా. ఆకుకూరల్లో ఆక్సలేట్లు కొంత కాల్షియంని పట్టేసుకుంటాయి కాబట్టి కాగితం మీద కనిపించినంతా ఒంటికి పట్టదు. ఆ తేడా పూడ్చడానికి డాక్టర్ గారు రాసిన కాల్షియం మాత్ర భోజనంతో ఒకటి, విటమిన్ డీ. థైరాయిడ్ మాత్రకీ కాల్షియం మాత్రకీ మధ్య నాలుగు గంటలు. ప్రోటీన్ పొడి తీసేశాను. పప్పు, శనగలు, పనీర్‌తో ఆ ప్రోటీన్ వస్తుంది. పనీర్‌లో లాక్టోజ్ తక్కువే, ఎక్కువ భాగం విరుగుడు నీళ్లతో పోతుంది.

లాక్టేజ్ మాత్రల గురించి ఆవిడే అడిగారు. దొరుకుతాయి, పనిచేస్తాయి. బూజు జాతి సూక్ష్మజీవుల నుంచి తీసిన ఎంజైమ్ అది. పాల పదార్థం మొదటి ముద్దతో వేసుకోవాలి, ఉబ్బరం వచ్చాక వేసుకుంటే దండగ. పెళ్లిళ్లలో బాసుందీ, పాలకోవా లాంటివి తినక తప్పని రోజుకి ఉంచుకోమన్నాను. కోవాలో పాలు ఇగిరిపోయి లాక్టోజ్ చిక్కబడి ఉంటుంది. "షుగర్ ఉన్నదాన్ని, పాలకోవా ఎలాగూ తినకూడదు కదమ్మా" అన్నారు. అన్నది నిజమే, కాబట్టి మాత్రలు కొనలేదు.

ఆరు నెలల తర్వాత చూసినప్పుడు హెచ్‌బీఏ1సీ 7.2. బరువు రెండు కిలోలు పెరిగారు. బీ12 మామూలు స్థాయికి వచ్చింది, చిమచిమలు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు, వాటిలో కొంత షుగర్‌దే అయి ఉంటుంది. నెమ్మదిగా విడుదలయ్యే మెట్‌ఫార్మిన్ 1000 దాకా పెంచారు, విరేచనాలు తిరగబెట్టలేదు. ఈమధ్య టిఫిన్‌తో 200 మి.లీ. పాలు తాగినా గుడగుడ లేదంటున్నారు. రోజూ కొంచెం కొంచెంగా తీసుకుంటే పెద్దపేగులోని బ్యాక్టీరియా దానికి అలవాటు పడి గ్యాస్ తగ్గుతుంది. లాక్టేజ్ ఏమీ పెరగలేదు, తాగుతూ ఉంటే పెరిగే ఎంజైమ్ కాదది. ఫైలులో డయాగ్నోసిస్ దగ్గర "లాక్టోజ్ ఇన్‌టాలరెన్స్" అన్నదాన్ని గ్యాస్ట్రో డాక్టర్ గారు మార్చి, "లాక్టేజ్ తక్కువ, మోతాదు పరిమితితో పాలు తీసుకోవచ్చు, మెట్‌ఫార్మిన్ వల్ల విరేచనాలు" అని రాశారు. ఫైలు చూసే తర్వాతి డాక్టరుకి ఈ మార్పు అవసరం, లేకపోతే ఆ పాత మాటే ఆవిడ వెంట తిరుగుతుంది.

వెళ్లేముందు, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురికి కూడా బ్రెత్ టెస్ట్ చేయించాలా అని అడిగారు. ఏమైనా ఇబ్బంది ఉందా అంటే, లేదు, రోజూ రాత్రి పాలు తాగే పడుకుంటుంది అన్నారు. అయితే టెస్ట్ అక్కర్లేదన్నాను.